కొనేవాడి మాట చెరువు గట్టు దాకా రావాలి

మత్స్యశాఖ మంత్రి గారికి,



2025 ఆగస్టు 27న మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. రొయ్యకు అంతటితో సరిపోలేదు. 2005 నుంచీ ఉన్న యాంటీ డంపింగ్ సుంకం, 2024లో తోడైన కౌంటర్‌వెయిలింగ్ సుంకం దానిమీద అదనం. 2023-24లో దేశం నుంచి వెళ్లిన ఘనీభవించిన రొయ్య 7,16,004 టన్నులైతే, అందులో 2,97,571 టన్నులు కొన్నది అమెరికాయే. నూటికి నలభై పైచిలుకు ఒక్క దేశం మీద ఆధారపడ్డ వ్యాపారం ఎంత పలుచటి మంచు మీద నడుస్తోందో ఆ ఆగస్టులో అందరికీ తెలిసింది. అప్పటి నుంచి మీ ప్రభుత్వం, కేంద్రం, ఎగుమతిదారులు ఒకే మాట అంటున్నారు: కొత్త దేశాలకు వెళ్దాం.

మంచి మాటే. ప్రయత్నాలూ కనబడుతున్నాయి. ఆ ఆగస్టుకు ముందే, 2025 జులై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. సెప్టెంబరులో మరో 102 భారతీయ యూనిట్లకు ఐరోపా సంఘం అనుమతి ఇచ్చింది. అక్టోబరులో ఆస్ట్రేలియా, తెల్లమచ్చ తెగులు భయంతో 2017 నుంచి పెట్టిన కట్టుబాట్లను కొంత సడలించి, పొట్టు తీయని రొయ్యకు తలుపు తెరిచింది. ఇవన్నీ ప్రభుత్వాల మధ్య జరిగిన మాటలు. కానీ ఒక దేశంతో వ్యాపారం నిలవాలంటే ఇంకో రకం మాట కూడా కావాలి. ఆ దేశం ఏమడుగుతుంది, ఎందుకడుగుతుంది, కాదనాల్సి వస్తే ఏ తీరున కాదంటుంది, ఎవరు చెబితే నమ్ముతుంది అన్నవి సరుకు పండించేవాళ్లకు తెలియాలి. ఇప్పుడా తెలివిడి విశాఖ, కాకినాడ, భీమవరాల్లోని కొన్ని ఆఫీసుల దగ్గర ఆగిపోతోంది. కైకలూరు, ఆకివీడు, నిడమర్రు, గణపవరం గట్ల మీదికి అది ఒకే ఒక్క రూపంలో చేరుతోంది: కిలోకి ఇంత తగ్గింది అని. ఈ లేఖ ఆ సంగతి గురించే.

కౌంటుతో మొదలుపెట్టవచ్చు. ఆకివీడు రైతు నలభై కౌంటు అంటే తలతో సహా కిలోకి నలభై తూగే రొయ్య అని అర్థం. అమెరికా కొనుగోలుదారు లెక్క వేరు. తల తీసేసి, పౌనుకు ఎన్ని అని అడుగుతాడు. తల పోతే మూడో వంతుకు పైగా బరువు పోతుంది. రైతు నలభై అన్న రొయ్యే అక్కడి పెట్టె మీద 26/30 అవుతుంది. స్పెయిన్, ఫ్రాన్స్ వాళ్లకు తలతో, పొట్టుతో, చెక్కు చెదరని రొయ్య కావాలి. తల నల్లబడితే అక్కడ సగం విలువ పోయినట్టే. అంటే ఐరోపాకు రొయ్య పంపే చెరువులో పట్టుబడి రోజున ఐసు పట్టే వేగమే ధరను తేలుస్తుంది. జపాను వాళ్లు టెంపురా కోసం కొనే నొబాషి రొయ్యకు తోక ఉంచి, పొట్టు తీసి, కడుపు వైపు గాట్లు పెట్టి, సాగదీసి, ట్రేలో అన్నీ ఒకే పొడవు వచ్చేలా పేర్చాలి. అక్కడ బరువు కంటే పొడవుకీ, ఒకే తీరుగా ఉండటానికీ మర్యాద ఎక్కువ. ఒకే చెరువు రొయ్యను నాలుగు దేశాలు నాలుగు కళ్లతో చూస్తాయి. ఈ సంగతి ప్లాంటులో గ్రేడింగు బల్ల దగ్గర నిలబడే అమ్మాయికి తెలుసు. మేత వేసే రైతుకు ఎవరూ చెప్పలేదు.

చెప్పకపోతే ఏమవుతుందో 2025 ఏప్రిల్‌లో బయటపడింది. ట్రంప్ సుంకాల ప్రకటన వెలువడిన రోజుల్లోనే ఇక్కడి కొనుగోలు ధరలు జారాయి. అమెరికా ఎక్కువగా కొనేది పెద్ద రొయ్య. వంద కౌంటు లాంటి చిన్న రొయ్య ఎక్కువగా వేరే దేశాలకు పోతుంది. మరి చిన్న రొయ్య ధర ఎందుకు తగ్గింది? రైతులు గట్టిగా అడిగిన ప్రశ్న ఇదే. దానికి వ్యాపారపరమైన జవాబు ఉండొచ్చు. ఒక మార్కెట్టు మూసుకుంటే సరుకంతా మిగతా మార్కెట్ల మీద పడుతుందన్న భయం అబద్ధం కాదు. కానీ ఆ జవాబును కాగితం మీద పెట్టి, ఏ కౌంటు ఏ దేశానికి పోతోంది, అక్కడ ధర ఎంత పలికింది అని తెలుగులో రైతు ముందుంచినవాళ్లు లేరు. మాట లేని చోట అనుమానం పెరగడం సహజం. కొనేవాడి మీద రైతుకు నమ్మకం లేకపోతే, ఆ కొనేవాడు తెచ్చే విదేశీ షరతు మీద మాత్రం నమ్మకం ఎలా కలుగుతుంది?

ఇక కాదనే తీరు. మంత్రి గారూ, ఇది కాస్త ఓపికగా చూడదగిన విషయం. అమెరికాలో ఆహార, ఔషధ సంస్థ ఒక కంటైనరును తిప్పి పంపితే కంపెనీ పేరుతో సహా ప్రకటిస్తుంది. మచ్చ ఆ కంపెనీకి పడుతుంది. ఐరోపా సంఘపు త్వరిత హెచ్చరికల వ్యవస్థ తీరు వేరు. జనం చూసే పట్టికలో సరుకు పేరు, దొరికిన పదార్థం, దేశం పేరు ఉంటాయి; కంపెనీ పేరు ఉండదు. అక్కడ మచ్చ ఇండియాకు పడుతుంది. ఒక మండలంలో ఒక చెరువులో వాడిన మందు వల్ల, ఎన్నడూ మందు ముట్టని రైతు సరుకు కూడా రేవులో ఆగుతుంది. 2016లో అదే జరిగింది. మన చెరువు రొయ్యలో నిషిద్ధ యాంటీబయాటిక్ అవశేషాలు పదేపదే దొరుకుతున్నాయని, అప్పటిదాకా నూటికి పది కన్‌సైన్‌మెంట్లకు చేసే పరీక్షను ఐరోపా యాభైకి పెంచింది. ఆ ఖర్చు, ఆ జాప్యం అందరి నెత్తిన పడ్డాయి.

జపాను ఇంకో రకం. 2012లో మన రొయ్యలో ఎథాక్సీక్విన్ జాడ వెతకడం మొదలుపెట్టింది. అది యాంటీబయాటిక్ కాదు. మేతలో కలిపే చేపపొడి చెడిపోకుండా వేసే పదార్థం. రైతు ఏ తప్పూ చేయలేదు. బస్తాలో ఏముందో అతనికి తెలియదు. జపాను పెట్టిన హద్దు 0.01 పీపీఎం. మన అధికారులు పలుమార్లు మాట్లాడారు, ఆధారాలు చూపించారు. 2014లో ఆ హద్దు 0.2కి సడలింది. ఓపికగా, లెక్కలతో మాట్లాడితే జపాను వింటుందని ఆ రెండేళ్లు నిరూపించాయి. అదే సమయంలో మేత కంపెనీకీ రైతుకూ మధ్య ఎంత తక్కువ మాట నడుస్తోందో కూడా చూపించాయి.

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు వంటి యాంటీబయాటిక్‌లు వాడొద్దని మన దగ్గర చాలాకాలంగా చెబుతున్నారు. పోస్టర్లు ఉన్నాయి, సభలు జరిగాయి. ఎందుకు వాడకూడదో చెప్పడం మాత్రం తక్కువ. క్లోరాంఫెనికాల్ వల్ల కొందరిలో ఎముక మజ్జ రక్తం తయారుచేయడం మానేసే ప్రమాదం ఉంది. ఎంత మోతాదు అయితే ఫరవాలేదో తేల్చి చెప్పలేని ప్రమాదం. నైట్రోఫ్యూరాన్ల మీద క్యాన్సర్ అనుమానం ఉంది. అందుకే అక్కడ ‘కొంచెం ఉంటే పోనీ’ అనే మాటకు చోటు లేదు. ఈ కారణం రైతుకు తెలిస్తే నిషేధం ఎవరో తెల్లవాళ్లు పెట్టిన అడ్డంకిలా కనబడదు. తన పిల్లలు తినే కూర గురించి తనకుండే జాగ్రత్తే అని అర్థమవుతుంది. చెరువులో రొయ్య తేలుతున్న అర్ధరాత్రి, దుకాణంవాడు పేరు లేని పొడి డబ్బా చేతిలో పెడితే రైతు చేత వద్దనిపించగలిగింది ఆ అవగాహనే. పోస్టరు వల్ల అది జరగదు.

పరాయి సంస్కృతితో మాట కుదరకపోవడానికి విదేశమే అక్కర్లేదు. కొల్లేరు చుట్టూ పెరిగే శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో లారీలెక్కి హౌరా దాకా, గువాహటి దాకా వెళ్తాయి. 2018 జులైలో ఆంధ్ర చేపలో ఫార్మాలిన్ ఉందన్న ఆరోపణతో అస్సాం ప్రభుత్వం కొద్దిరోజులపాటు వాటి రాకను ఆపేసింది. పరీక్షల మాట పక్కన పెట్టినా, అక్కడి గృహిణికి అప్పటికే ఒక శంక ఉంది: నాలుగు రోజులు ప్రయాణం చేసి వచ్చిన చేప ఇంత తాజాగా ఎలా ఉంటుంది? ఆ ప్రశ్నకు జవాబు చెప్పేందుకు అస్సామీలో మాట్లాడగల మనిషి ఒక్కరైనా మన వ్యాపారం తరఫున గువాహటిలో ఉన్నారా? ఐసు ఎంత వేస్తారు, దారిలో ఎక్కడ మారుస్తారు, ఎన్ని గంటల్లో చేరుతుంది అని చూపించే ఒక చిన్న వీడియో, ఆ జనం భాషలో, ముందే ఉండి ఉంటే ఆ జులై వేరేగా గడిచేదని నమ్మడానికి కారణాలున్నాయి. దశాబ్దాలుగా చేప కొంటున్న ఊళ్లతోనే మనకు మాటల్లేకపోతే, కొత్తగా వెళ్లే దేశం సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంతవరకూ కొనేవాడి మాట మనం వినాలన్నదే వాదం. అయితే విని తలూపడం ఒక్కటే సరిపోదని ఏలూరుకు బాగా తెలియాలి. తంగెళ్లమూడి మగ్గాల చరిత్ర అది. పారశీక నేతగాళ్ల వారసత్వం చెప్పుకునే కుటుంబాలు ఇక్కడ ఉన్ని తివాచీలు నేశాయి. మచిలీపట్నం రేవు నుంచి ఓడెక్కిన తివాచీల పేరు ఐరోపాలో మారుమోగింది. ఏలూరు నేత ఆ కుదురుకు చెందినదే. 1880లో అచ్చయిన ‘ది ఇండస్ట్రియల్ ఆర్ట్స్ ఆఫ్ ఇండియా’లో జార్జ్ బర్డ్‌వుడ్ ఈ తివాచీల పతనం గురించి బాధగా రాశాడు. ఒకప్పుడు దేశంలోనే మేలైనవిగా ఉన్న తివాచీలు ఇంగ్లండు గిరాకీ వల్లే చెడ్డాయన్నాడు. దిగుమతిదారులు చవక సరుకు చేతికిచ్చి నేయమన్నారు. అడుగున ఇంగ్లండు పురి దారం వచ్చింది. త్వరగా, చవగ్గా కావాలన్న ఒత్తిడిలో పువ్వు చుట్టూ ఉండే సన్నని అంచు గీత ఎగిరిపోయింది. రంగుకూ రంగుకూ మధ్య పొందిక కుదిర్చేది ఆ గీతే. అది పోయాక తివాచీ అందం పోయింది. అందం పోయాక అదే ఇంగ్లండు పెదవి విరిచింది.

ఈ కథలో నేతగాడు చెవిటివాడు కాదు. కొనేవాడు అడిగిందల్లా చేశాడు. లోపం ఎక్కడుందంటే, ఆ గీత ఎందుకు ఉందో, అది తీసేస్తే ఏం పోతుందో లండన్‌లో కూర్చున్న వర్తకుడికి చెప్పగల దారి అతనికి లేదు. మాట ఒక్కవైపే ప్రవహించింది. నరసాపురం లేసు సంగతీ ఇంతే. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఆ అల్లిక ప్రపంచమంతా తిరిగింది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకంలో చూపించినట్టు, ఇంట్లో కూర్చుని అల్లే ఆడవాళ్లకూ విదేశంలో కొనేవాళ్లకూ మధ్య దళారుల, వర్తకుల అంచెలు పేరుకుపోయాయి. అల్లేవాళ్ల పనిని పని అని కూడా ఎవరూ లెక్కించలేదు.

రొయ్య అదే దారిన పోతోందా అన్నది మీరు అడగాల్సిన ప్రశ్న. 2024 మార్చిలో చికాగోలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ ఆంధ్ర రొయ్య పరిశ్రమ మీద ఒక నివేదిక విడుదల చేసింది. పొట్టు తీసే షెడ్లలో కూలి, అప్పుల కింద నలిగే పనివాళ్లు, చెరువుల చుట్టూ పాడవుతున్న నీళ్లు, నేల. అమెరికా పత్రికల్లో అది పెద్ద వార్త అయింది. ఇక్కడి పరిశ్రమ, అధికార వర్గాలు ఆరోపణలను తోసిపుచ్చాయి, మన ప్లాంట్లకు అంతర్జాతీయ ప్రమాణాల సర్టిఫికెట్లు ఉన్నాయన్నాయి. నివేదికలో ప్రతి మాటా ఒప్పుకోవాలని ఈ లేఖ అనడం లేదు. కానీ అక్కడివాళ్లు అడిగింది మనుషుల గురించి. మనం చెప్పింది కాగితాల గురించి. ఆ రెండూ కలవలేదు. అక్కడి సూపర్ మార్కెట్లు తమ ఖాతాదారుకు జవాబుదారీ. ఆ ఖాతాదారు పొట్టు తీసిన చేతుల గురించి అడిగితే, ఆ చేతుల మనిషి మాట్లాడగలగాలి. సర్టిఫికెట్టు ఆమె తరఫున మాట్లాడలేదు.

కొల్లేరు విషయంలోనూ ఇదే రకం ప్రశ్న వస్తుంది, వస్తోంది. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును చూపే గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో సరస్సుకు రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లను ప్రభుత్వం పేల్చింది. ఆ గాయం ఊళ్లలో ఇంకా పచ్చిగానే ఉంది. కాంటూరు అన్న మాట కొల్లేరు లంకల్లో పసిపిల్లలకు కూడా తెలుసు, హాంబర్గులో కొనేవాడికి తెలియదు. అతనికి తెలిసింది ఒక్కటే: ఈ రొయ్య పక్షుల చోటులో పెరిగిందా, బయట పెరిగిందా? ఆక్వాకల్చర్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ లాంటి ముద్రలు రక్షిత ప్రాంతాల గురించి గట్టిగా అడుగుతాయి. చట్టబద్ధంగా, కాంటూరు బయట, రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ (అప్సడా) లైసెన్సుతో సాగు చేసే రైతు ఈ ప్రశ్నకు భయపడనక్కర్లేదు. తన చెరువు ఎక్కడుందో మ్యాపులో చూపించగలిగితే అది అతనికి అదనపు ధర తేగల విషయం. చూపించే ఏర్పాటు లేక అందరూ ఒకే అనుమానం కింద నలుగుతున్నారు.

ఈక్వెడార్ వైపు చూడండి. రొయ్య ఎగుమతిలో మనల్ని దాటిన దేశం. అక్కడి కొన్ని కంపెనీలు 2018లో సస్టైనబుల్ ష్రింప్ పార్ట్‌నర్‌షిప్ పేరుతో జట్టు కట్టాయి. యాంటీబయాటిక్ వాడబోమన్నారు, చెరువు చుట్టూ నీటికి హాని చేయబోమన్నారు, ప్యాకెట్టు మీద గుర్తును ఫోనుతో చూస్తే రొయ్య పుట్టుక తెలిసేలా చేశారు. అందరూ అందులో లేరు, ఆ దేశంలోనూ సమస్యలున్నాయి. అయినా వాళ్లు కొనేవాడు అడగక ముందే తమ కథ తాము చెప్పుకున్నారు. మన కథ ఎప్పుడూ ఎవరో ఒకరు, ఏదో ఒక తప్పు జరిగాక, మన బదులు చెబుతున్నారు.

అవతలి ఒడ్డు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు మన మధ్యే ఉన్నారు. తాడేపల్లిగూడెంలో 1960లో మొదలైన ఫుడ్స్, ఫ్యాట్స్ అండ్ ఫెర్టిలైజర్స్, ఇప్పటి త్రీ ఎఫ్ ఇండస్ట్రీస్, చాక్లెట్లలో వాడే కొవ్వుల కోసం పశ్చిమ ఆఫ్రికా షియా గింజల వ్యాపారంలోకి వెళ్లింది. ఆ గింజలను ఏరి, ఉడికించి, ఎండబెట్టేది అక్కడి పల్లెటూరి ఆడవాళ్లు. అక్కడ గూడెం వాళ్లే పరాయి కొనుగోలుదారు. ఆకివీడు రైతు స్థానంలో ఉన్నది ఘానా ఆడమనిషి. 2025 ఆగస్టులో నైజీరియా ముడి షియా గింజల ఎగుమతిని ఆరు నెలలపాటు నిషేధించింది, లాభం తమ దగ్గరే ఎక్కువ మిగలాలని. రెండు వైపులా నిలబడ్డ అనుభవం ఒక జిల్లాకు ఉండటం చిన్న విషయం కాదు. అలాంటివాళ్లను పిలిచి మాట్లాడించండి. ఏ కన్సల్టెంటూ వాళ్లంత చెప్పలేడు.

మీ శాఖ చేయగలిగినవి చాలా ఉన్నాయి, కోట్లు అక్కర్లేనివి. ఏ దేశం నియమం మారినా, ఏ కన్‌సైన్‌మెంటు తిరిగొచ్చినా, కారణంతో సహా ఒక పేజీ తెలుగులో వారం తిరక్కుండా రైతు సేవా కేంద్రాలకు చేరాలి. ఏ కౌంటు ఏ దేశానికి పోతోందో, అక్కడి ధర ఎంతో అదే పేజీలో ఉండాలి. పట్టుబడికి ముందు చేసే పరీక్ష ఫలితాన్ని రైతుకు పాసు, ఫెయిలు అని చెప్పి వదిలేయకుండా, ఏం దొరికింది, ఎక్కడి నుంచి వచ్చి ఉండొచ్చు అని ఫీల్డు సిబ్బంది కూర్చుని చెప్పాలి.

నరసాపురం మత్స్య విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలకు చేప జబ్బులతో పాటు జపనీసో, స్పానిషో, చైనీసో ఒక భాష నేర్పండి. ఆ దేశాల ఆహార చట్టం, అక్కడివాళ్లు ఉత్తరం రాసే పద్ధతి, తనిఖీకి వచ్చేవాళ్లతో మెలిగే తీరు పాఠంగా పెట్టండి. తాడేపల్లిగూడెం నిట్‌లో చదువుతున్న ఇంజినీర్లకు చెరువు నుంచి ప్యాకెట్టు దాకా జాడ చూపే పనిని ప్రాజెక్టుగా ఇవ్వండి. కాంటూరు మ్యాపు అందులో మొదటి పొరగా ఉండాలి. విదేశాల్లో జరిగే సీఫుడ్ ప్రదర్శనలకు వెళ్లే బృందాల్లో అధికారులు, ఎగుమతిదారులతో పాటు గట్టు మీద రాత్రుళ్లు గడిపే రైతులకూ రెండు సీట్లు ఉంచండి. కొనుగోలుదారు ఇక్కడికి వచ్చినప్పుడు హోటలు హాల్లో కూర్చోబెట్టి పంపకండి. తెల్లవారుజామున పట్టుబడికి తీసుకురండి. ఏరియేటర్లకు కరెంటు ఖర్చెంతో, సీడు పోతే రైతుకు ఏమవుతుందో అతను కళ్లారా చూస్తే, ధర దగ్గర మాట్లాడే తీరు మారే అవకాశం ఉంది.

మరొకటి తప్పనిసరిగా చేయండి. విదేశీ తనిఖీ బృందాలు ప్లాంటుకు వచ్చినప్పుడు పనిచేసే ఆడవాళ్లతో మాట్లాడతాయి. ఆ సంభాషణకు సూపర్‌వైజరో, మేనేజరో దుబాసీగా ఉంటే ఆమె ఏం చెప్పగలదు? పనివాళ్లు మాట్లాడే తెలుగూ ఒడియా వచ్చి, ప్లాంటు దగ్గర జీతం తీసుకోని దుబాసీల జాబితా ఒకటి మీ శాఖ తయారుచేయాలి. వాళ్లకు శిక్షణ, రోజు భత్యం మీ శాఖే ఇవ్వాలి. ఆమె చెప్పింది చెప్పినట్టు అవతలివాళ్లకు చేరాలి, అడిగింది అడిగినట్టు ఆమెకు చేరాలి, యాజమాన్యం ఆ గదిలో ఉండకూడదు. ఈ జాబితా తయారీని ఏలూరు, పశ్చిమగోదావరి జిల్లాల నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఏలూరు నుంచి ఒక పత్రికా రచయిత